‘నాకు తెలియదు సార్’ అంటే కేసు నిలవదా?

గుంటూరు బ్రాడీపేటలో చిన్న పుస్తకాల షాపు నడుపుతున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరూ, లైను నంబరూ వేయొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాం.

‘‘నాకు 36 ఏళ్లు. కోచింగ్ పిల్లలకు గైడ్లు, టెస్ట్ పేపర్లు అమ్ముతాను. షాపులోనే ఒక జిరాక్స్ మిషన్ ఉంది. డీఎస్సీ సీజన్‌లో మా బావమరిది, అంటే నా భార్య అన్నయ్య, హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర మిగిలిపోయిన స్టాకు ఉందని చెప్పి రెండు దఫాలుగా పుస్తకాలు పంపాడు. 640 రూపాయల ధర ఉన్న గైడు నాకు 210కి పడింది. బిల్లు లేదు. పుస్తకాలకు జీఎస్టీ లేదు కదా, బిల్లెందుకులే అన్నాడు. డబ్బు ఫోన్‌పేలో తనకే పంపాను. మొదటి లాటు మొత్తం అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఒక అమ్మాయి పుస్తకం వెనక్కి తెచ్చింది. కొన్ని పేజీలు రెండేసిసార్లు ఉన్నాయి, కొన్ని అసలే లేవు. డబ్బు వాపసు ఇచ్చేశాను. ఇంకొన్నాళ్లకు పబ్లిషర్ తరఫు మనిషి వచ్చి ‘ఇవి మా పుస్తకాలు కావు, అమ్మొద్దు’ అని నోటిమాటగా చెప్పి వెళ్లాడు. బావమరిదికి వాట్సాప్ పెడితే ‘వాళ్లు అలాగే బెదిరిస్తారు, నువ్వు కానివ్వు’ అన్నాడు. రెండో లాటు అప్పటికే పార్సిల్‌లో బయల్దేరింది. వచ్చాక అవీ అమ్మకానికి పెట్టాను.

పోయిన వారం ఎస్సై గారు వచ్చి 118 పుస్తకాలు పట్టుకెళ్లారు. వాటితోపాటు వేరే పబ్లిషర్ల అసలు పుస్తకాలు రెండు కట్టలు, నా అప్పుల నోటుబుక్కు కూడా తీసుకెళ్లారు. ఎఫ్‌ఐఆర్ అయింది. విచారణకు రమ్మని నోటీసు ఇచ్చారు. స్టేషన్‌లో ‘సరుకు నీ షాపులో దొరికింది, నీకు తెలిసినా తెలియకపోయినా ఒకటే’ అంటున్నారు. మా లైనులో ఒక పెద్దాయన ‘తెలియదు అనే మాట మీదే నిలబడు, నీ మనసులో ఏముందో ఎవడు నిరూపిస్తాడు’ అంటున్నారు. బావమరిది చాట్ అంతా తీసేయమంటున్నాడు. తన పేరు బయటికొస్తే చెల్లెల్ని పుట్టింటికి తీసుకుపోతానంటున్నాడు. ఒక స్నేహితుడు పాత తేదీ వేసి బిల్లు ఇప్పిస్తానంటున్నాడు. పబ్లిషర్ మనిషి మూడు లక్షలిస్తే వదిలేస్తానంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర లేదు. అసలు నాకు తెలుసా తెలియదా అన్నదే ఇప్పుడు నాకు అర్థం కావడం లేదు.’’

మీ ఉత్తరంలో అన్నిటికంటే నిజాయితీగా ఉన్న మాట ఆ ఆఖరిదే. కేసు మొత్తం తిరిగేది కూడా దాని చుట్టూనే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

స్టేషన్‌లో విన్న మాట తప్పు. మీ లైనులో పెద్దాయన చెప్పిందీ తప్పే. కాపీరైట్ చట్టం 1957లో శిక్ష చెప్పే 63వ సెక్షన్, తెలిసి ఉల్లంఘించినవారికి లేదా దానికి తోడ్పడినవారికి మాత్రమే వర్తిస్తుంది. పైరసీ సరుకు షాపులో దొరకడం నేరంలో సగం. అది పైరసీ అని మీకు తెలుసన్నది మిగతా సగం. రెండూ నిరూపించాల్సింది ప్రాసిక్యూషనే. ఇంకో సంగతి కూడా చూడండి. దొంగసొత్తు కొన్నవారి మీద పెట్టే సెక్షన్‌లో ‘తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి’ అని రెండు మెట్లు ఉన్నాయి. 63లో ఆ రెండో మెట్టు లేదు. ‘అనుమానం రావాల్సింది కదా’ అన్నంత మాత్రాన 63 కింద నేరం పూర్తి కాదు. మీ లాయరు కోర్టులో గట్టిగా పట్టుకోవాల్సిన తేడా ఇదే.

తెలిసి చేశాడా లేదా అన్నది మన కోర్టులు తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మధ్యప్రదేశ్‌లో నాథూలాల్ అనే ధాన్యం వ్యాపారి లైసెన్సు లేకుండా గోధుమలు నిల్వ చేశాడని కేసు పెట్టారు. లైసెన్సుకు దరఖాస్తు చేసుకున్నాడు, వస్తుందన్న నమ్మకంతో వ్యాపారం సాగించాడు. చట్టాన్ని కావాలని మీరాలన్న ఉద్దేశం లేదని 1965లో సుప్రీంకోర్టు అతణ్ని వదిలేసింది.

అయితే పెద్దాయన మాట ఎందుకు తప్పు? మీ మనసులోకి ఎవరూ తొంగిచూడలేరు, నిజమే. కోర్టు ఆ పని చేయదు కూడా. మనసు చుట్టూ ఉన్నవాటిని చూస్తుంది. ఎంతకు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, బిల్లుందా, సరుకు చూడటానికి ఎలా ఉంది, ఎవరైనా హెచ్చరించారా, హెచ్చరించాక ఏం చేశారు, పోలీసులు వచ్చినప్పుడు ఏం చేశారు. వీటన్నిటినీ ఒకచోట పేర్చి, ఈ వ్యాపారంలో ఉన్న మనిషికి విషయం తెలియకుండా ఉంటుందా అని అడుగుతుంది. ‘తెలియదు’ అనే మాట ప్రతి ముద్దాయీ అంటాడు. అందుకే ఆ ఒక్క మాటకు బరువు తక్కువ.

మీ విషయంలో ఈ పేర్పు ఎలా ఉందో చూద్దాం. మీకు కొంచెం చేదుగా ఉంటుంది.

మొదటి లాటు దగ్గర మీ పరిస్థితి ఫర్వాలేదు. 640 పుస్తకం 210కి రావడం అనుమానించాల్సిన ధరే. కానీ సిలబస్ మారితే, పరీక్ష దాటిపోతే గైడు తూకానికి పోతుందని ఈ వ్యాపారంలో ఎవరికైనా తెలుసు. మిగిలిన స్టాకు అన్న మాట నమ్మదగనిదేం కాదు. ఆ మాట చెప్పింది ఇంటి మనిషి. డబ్బు దాచుకోకుండా ఫోన్‌పేలో పంపారు. తెలిసి దొంగసరుకు కొనేవాడు సాధారణంగా తన ఖాతా నుంచి పంపడు. బిల్లు విషయంలో మాత్రం బావమరిది మిమ్మల్ని పక్కదారి పట్టించాడు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేనిమాట నిజం. పన్ను లేనంత మాత్రాన బిల్లు ఉండదా? మీరు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర తెచ్చే పుస్తకాలన్నిటికీ బిల్లు తీసుకుంటూనే ఉంటారు కదా. ‘మిగతా అందరి దగ్గరా తీసుకున్నావు, ఈయన దగ్గరే ఎందుకు తీసుకోలేదు?’ అని ప్రాసిక్యూటర్ అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలి. ‘బావమరిది కాబట్టి’ అన్నది మన ఇళ్లలో నిజమైన జవాబే. ఏ మేజిస్ట్రేటుకైనా అర్థమయ్యేదే.

పేజీలు లేని పుస్తకం ఒక్కటి వెనక్కి రావడం కూడా పెద్ద సాక్ష్యం కాదు. అసలు ప్రెస్సుల్లోనూ బైండింగ్ తప్పులు జరుగుతాయి. డబ్బు వాపసు ఇవ్వడం మీకు అనుకూలమే.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. పబ్లిషర్ మనిషి వచ్చి ఇవి మావి కావని చెప్పాడు. నోటిమాటే, కాగితం ఇవ్వలేదు. అతను చెప్పలేదని మీరు అనొచ్చు, నిరూపించడం అతనికి కష్టం. కానీ ఆ రోజే మీరు బావమరిదికి వాట్సాప్ పెట్టారు. హెచ్చరిక మీకు అందిందని మీ చేతులతో మీరే రాసి పెట్టుకున్నారు. ఇక సీజ్ అయిన 118 పుస్తకాలు మొదటి లాటువి కావు, అన్నీ రెండో లాటువి. అంటే కేసు నడిచేది ఏ పుస్తకాల మీదో అవి హెచ్చరిక తర్వాత అమ్మకానికి పెట్టినవి. ఆర్డరు ముందే ఇచ్చారన్నది కొంతవరకు పనికొస్తుంది. కానీ చట్టం చూసేది అమ్మకానికి పెట్టిన రోజున మీకేం తెలుసన్నది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మొదటి లాటు అప్పుడు మీకు తెలియదు. రెండో లాటు అప్పుడు మీకు అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని తీర్చుకోవడానికి అరగంట పని చాలు. అసలు పుస్తకం ఒకటి తెప్పించి పక్కన పెట్టి చూస్తే తేలిపోయేది. కాగితం మందం, ఫొటోలు మసకగా ఉండటం, కవరు రంగు తేడా మీ కంటికి ఇట్టే తెలుస్తాయి. పబ్లిషర్‌కు ఫోన్ చేసినా సరిపోయేది. మీరు సరుకు పంపినవాణ్నే అడిగారు. అతను కానివ్వమన్నాడు. దీన్ని కోర్టు రెండు రకాలుగా చూడొచ్చు. పబ్లిషర్ మనిషి బెదిరింపు ఒకవైపు, సొంత బావమరిది భరోసా ఇంకోవైపు ఉంటే బావమరిదిని నమ్మాడు, తప్పుడు నమ్మకమైనా నమ్మకమే అనొచ్చు. లేదా నిజం తెలిస్తే వ్యాపారం ఆగుతుందని కావాలనే కళ్లు మూసుకున్నాడు, అది తెలిసి చేసినట్టే అనొచ్చు. నేను మీ పక్షాన ఉండి చెప్పినా మొదటిది ఖాయమని మాత్రం అనలేను.

ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవాళ్ల సలహాల సంగతి.

చాట్ డిలీట్ చేయడం. ఇది వద్దు. నీతి కోసం చెప్పడం లేదు, లెక్క కోసమే చెబుతున్నాను. కేసు నమోదయ్యాక సాక్ష్యాన్ని మాయం చేస్తే అది భారతీయ న్యాయ సంహితలో వేరే నేరం. పైగా మీ ఫోన్‌లో పోయింది అవతలి ఫోన్‌లో ఉంటుంది. ఇంకా ముఖ్యంగా, ఆ చాట్‌లోనే మిమ్మల్ని కాపాడే మాట కూడా ఉంది. ‘మిగిలిపోయిన స్టాకు’ అని మొదట్లో అతను రాసిన మెసేజే మీ మంచి నమ్మకానికి ఉన్న ఒకే ఒక్క లిఖిత ఆధారం. దాన్ని మీరే చెరిపేసుకుంటే మిగిలేది బిల్లు లేని సరుకు, సగానికన్నా తక్కువ ధర, ఖాళీ ఫోను. ‘తెలియకపోతే ఎందుకు చెరిపాడు?’ అన్న ఒక్క ప్రశ్నతో ఇప్పటిదాకా లేని సాక్ష్యం పుట్టుకొస్తుంది. చాట్ ఉన్నదున్నట్టు ఉంచి ఫోను లాయరుకు చూపించండి. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఆ పని ఆయన చూసుకుంటారు.

పాత తేదీ బిల్లు గురించి రెండు మాటలు చాలు. ఇప్పుడు మీ మీద ఉన్న కేసులో మీకు వాదన ఉంది. దొంగ బిల్లు కేసులో ఏ వాదనా ఉండదు. ఆ స్నేహితుడికి ఒక దండం పెట్టండి.

బావమరిది పేరు చెప్పాలా వద్దా అన్నది అంత తేలిక కాదు. మీ మీద మీరే సాక్ష్యం చెప్పుకోవాలని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేరు. రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిన హక్కు అది. పోలీసు విచారణలో మీరు చెప్పింది రాసుకున్నా దాని కింద సంతకం పెట్టాల్సిన అవసరం లేదు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు మీ మీద సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి కాపీరైట్ సెక్షన్ ఒక్కటే ఉంటే, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఊరుకునే దారి మీకుంది. కానీ ఎఫ్‌ఐఆర్ కాపీ తీసి సెక్షన్లు చూడండి. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లోని 103, 104 కూడా ఉన్నాయా? పబ్లిషర్ పేరు, గుర్తు కవరు మీద ఉన్నప్పుడు అవి కూడా కలపడం మామూలే. కలిపితే లెక్క తిరగబడుతుంది. నకిలీ గుర్తున్న సరుకు అమ్మినవాడే తన అమాయకత్వాన్ని నిరూపించుకోవాలని 104 అంటుంది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా అనుమానించే కారణం కనపడలేదని చూపాలి. లేదా అడిగినప్పుడు సరుకు ఎవరిచ్చారో తనకు తెలిసినంతా చెప్పానని చూపాలి. లేదా మరో విధంగా నిర్దోషిగానే నడుచుకున్నానని చూపాలి. అక్కడ నోరు మూసుకుంటే ఆ రెండో దారి మూసుకుపోతుంది. ట్రేడ్ మార్క్ కేసులో ఇంకో మెలిక మీకు అనుకూలంగా ఉంది. ఆ చట్టం కింద వారంట్ లేకుండా సోదా చేసి జప్తు చేయాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి, ముందుగా ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. మీ షాపుకొచ్చింది ఎస్సై. కాపీరైట్ కింద ఎస్సైకి ఆ అధికారం ఉంది, ట్రేడ్ మార్క్ కింద లేదు.

అసలు పేరు దాచడం అనేది ఉత్త భ్రమ కూడా. డబ్బు ఆయన ఖాతాకు వెళ్లింది. బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పిస్తే పేరు దానంతటదే వస్తుంది. పార్సిల్ బుకింగ్‌లోనూ ఉండొచ్చు. మీరు చెప్పకపోవడం వల్ల ఆయనకు దక్కేది కొన్ని వారాల వ్యవధి. మీకు మాత్రం దాచాడన్న మచ్చ మిగులుతుంది. ఆయన నిజంగా నమ్మి తెచ్చాడా, లేక తెలిసే తెచ్చాడా అన్నది నాకు తెలియదు. మీకూ తెలియదనుకుంటాను. ఆయన కూడా ఇంకొకరి చేతిలో మోసపోయి ఉంటే, పై మనిషి పేరు చెప్పడమే ఆయనకూ మేలు. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఇద్దరికీ ఒకే లాయరు వద్దు. ‘ఇంటి విషయం, ఒకాయనే చూసుకుంటాడులే’ అని మన దగ్గర సాధారణంగా అనేస్తారు. మీ వాదన ‘అతను చెప్పింది నమ్మాను’. అతని వాదన ‘నేను చెప్పలేదు’ కావచ్చు. ఒక లాయరు ఆ రెండూ మోయలేడు.

మూడు లక్షల రాజీ గురించి. కాపీరైట్ చట్టం 63 కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయనివారికి కోర్టు శిక్ష తగ్గించే వీలుంది గానీ, షాపులో అమ్మినవారికి అది వర్తించదు. జరిమానా గరిష్ఠంగా రెండు లక్షలైతే పబ్లిషర్ మనిషి మూడడుగుతున్నాడని మీకు కోపం రావచ్చు. సివిల్ కోర్టులో నష్టపరిహారం వేరే అడగొచ్చు కాబట్టి అది బేరానికి వచ్చే అంకెగానే తీసుకోండి. అసలు సమస్య అంకెలో లేదు. డబ్బు తీసుకుని ఫిర్యాదు వాపసు తీసుకుంటానంటే కేసు పోదు. ఈ నేరం ఫిర్యాదుదారు, ముద్దాయి తమలో తాము రాజీపడి ముగించుకునే జాబితాలో లేదు. రాజీ పత్రంతో అమరావతిలో హైకోర్టుకు వెళ్లి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 528వ సెక్షన్ కింద కేసు కొట్టేయమని అడగాలి. ఇలాంటి సందర్భాల్లో హైకోర్టు ఆ అధికారం వాడొచ్చని 2012లో గియాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాడాలని మాత్రం చెప్పలేదు. రాజీకి వెళ్లాలనుకుంటే వచ్చిన మనిషికి పబ్లిషర్ ఇచ్చిన అధికార పత్రం చూడండి. డబ్బు పబ్లిషర్ ఖాతాకే పంపండి, అదీ హైకోర్టులో వాళ్లు అఫిడవిట్ వేసే షరతు మీద. చేతికి నగదు ఇస్తే డబ్బు పోయి కేసు మిగులుతుంది. రాజీ పత్రంలో ‘తెలిసి చేశాను’ అన్న వాక్యం ఉందేమో లాయరు చేత చదివించండి. రాజీ చెడితే ఆ కాగితం వాళ్ల చేతిలోనే ఉంటుంది.

రాజీ వద్దు, పోరాడతాననుకుంటే దానికీ దారుంది. తెలియదన్న వాదన ఒక్కదాని మీదే ఆధారపడాల్సిన పని లేదు. ఆ పుస్తకం హక్కు పబ్లిషర్‌దేనని వాళ్లు చూపాలి. సీజ్ చేసిన ప్రతుల్ని అసలు ప్రతితో పోల్చి నకిలీవని నిరూపించాలి. జప్తుకు సాక్షులుగా పెట్టుకున్న మధ్యవర్తుల ముందు రాసిన రిపోర్టు సరిగా ఉండాలి. సోదా, జప్తు వీడియో తీయాలని 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ చెబుతోంది. తీశారా, తీయలేదా? ఇవన్నీ విచారణలో తేలే విషయాలు, ఏళ్లు పట్టొచ్చు. ఎఫ్‌ఐఆర్ దశలోనే ‘నాకు తెలియదు’ అని హైకోర్టుకు వెళ్తే సాధారణంగా పని జరగదు. తెలుసా లేదా అన్నది సాక్ష్యాలు విని తేల్చాల్సిందని అంటారు. నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరమాడుకునే పద్ధతి కూడా చట్టంలో ఉంది. త్వరగా ముగుస్తుంది గానీ అది శిక్ష పడినట్టే లెక్క. మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి కేసు వస్తే కాపీరైట్ చట్టం 63ఎ కింద కనీస శిక్ష ఏడాది. పుస్తకాల వ్యాపారంలోనే ఉండదలచుకున్నవారు దాని గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

అరెస్టు భయం గురించి మీరు రాయలేదు గానీ నిద్ర పట్టనిది దానికే అనుకుంటున్నాను. ఈ నేరం కాగ్నిజబుల్ (పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగలిగేది), నాన్‌బెయిలబుల్ అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నాన్‌బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, అది హక్కుగా కాక కోర్టు ఇస్తే వస్తుందని. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి విచారించాలి, అరెస్టు చేయాలంటే కారణాలు రాసిపెట్టాలి. మీకు వచ్చింది బహుశా బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసే. పిలిచిన రోజున పిలిచిన టైముకు వెళ్తే మామూలుగా అరెస్టు ఉండదు. ఎగ్గొడితే అరెస్టు చేయొచ్చు. ముందస్తు బెయిల్ వేయాలా అన్నది ఎఫ్‌ఐఆర్ చూసి లాయరు చెప్పాలి.

ఇంట్లో విషయం. మీ భార్యకు ఈ కథ ఇప్పటికే వాళ్ల అన్నయ్య వైపు నుంచి చేరి ఉంటుంది. చాట్ ఆమెకు చూపించండి, మొత్తం, మీకు ఇబ్బందిగా ఉన్న మెసేజ్‌లతో సహా. ‘మీ అన్నయ్యను ఇరికిస్తున్నాను’ అని ఆమె వినడం వేరు, ‘ఫోన్‌పేలో పేరు ఎలాగూ ఉంది, లాయరు ఇలా అన్నారు’ అని వినడం వేరు. అత్తగారింట్లో పెద్దవాళ్లెవరైనా మాట వినేవారుంటే, మీరు కాక ఆమె ద్వారానే వాళ్లతో మాట్లాడించండి. బావమరిదితో మీరు ఫోన్‌లో వాదనకు దిగకండి. ఇప్పుడు మీరిద్దరూ మాట్లాడుకునే ప్రతి మాటా రేపు కోర్టుకు ఎక్కొచ్చు.

ఇంకొక్క పని ఉంది, దానికి గడువు దగ్గరపడుతోంది. జప్తు చేసిన పుస్తకాల్లో తనకు హక్కున్నవి తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవడానికి కాపీరైట్ చట్టం 64(2) పదిహేను రోజులే ఇచ్చింది. మీకు ఇప్పటికే వారం దాటింది. వేరే పబ్లిషర్ల పుస్తకాలు అసలువని చెప్పడానికి మీ దగ్గర డిస్ట్రిబ్యూటర్ బిల్లులు ఉన్నాయి కదా. అవి తీసి, జప్తు రిపోర్టు కాపీతో కలిపి ఈ వారంలోనే లాయరు చేతికివ్వండి. ఆ పుస్తకాలు తిరిగి రావడం ఒక లాభం. మిగతా సరుకంతా మీరు బిల్లుతోనే కొంటారని, దొంగసరుకు మీ షాపు అలవాటు కాదని మొదటి రోజు నుంచే కోర్టు రికార్డులో ఉండటం ఇంకో లాభం. అప్పుల నోటుబుక్కు ఆ సెక్షన్ కిందికి రాదు, దానికి వేరే దరఖాస్తు వేయించండి. అందులో పిల్లలు ఇవ్వాల్సిన బాకీలు ఉంటే ముందు జిరాక్స్ కాపీ అయినా ఇప్పించమని అడగమనండి.